రషీద్‌ని టీమ్‌లో పెట్టుకోవాలా, మామూ?



పోయిన జుమా రాత్రి ఇషా నమాజ్ అయ్యాక నూజివీడులో మా ఆపా ఇంటికెళ్లాను. వరండాలో ఏడుగురు పిల్లలు ఒక లాంగ్ నోట్‌బుక్ చుట్టూ చేరి గోలగోలగా ఉన్నారు. సయ్యద్ ముష్తాక్ అలీ టీ20 టోర్నీకి ఎవరి ఫాంటసీ టీమ్ వాళ్లు రాసుకుంటున్నారు. యాప్ లేదు, పైసా లేదు. ఆపా ఫోన్‌లో స్కోరు చూసి నోట్‌బుక్‌లో పాయింట్లు వేసుకోవడమే ఆట. నన్ను చూడగానే మా చిన్న భాంజా లేచొచ్చాడు.

"మామూ, షేక్ రషీద్‌ని పెట్టుకోవాలా వద్దా? అందరూ వద్దంటున్నారు. చెన్నైవాళ్లే వదిలేశారంట కదా!"

పెద్ద భాంజా మాత్రం ఏమీ అనలేదు. గోడకు ఆనుకుని కూర్చుని వింటున్నాడు. వాడి ఖామోషీ వెనక ఒక కథ ఉంది. ముందు చిన్నోడి సవాల్‌కు జవాబు చెప్పి, తర్వాత ఆ కథకొస్తాను.

నా జవాబు: పెట్టుకో బేటా. కానీ పదకొండో పేరుగా పెట్టుకో, కెప్టెన్‌గా వద్దు. ఎందుకో లెక్కతో చెబుతాను.

మొదట ఈ పిల్లవాడు ఎవరో గుర్తు చేసుకుందాం. గుంటూరు వాడు. 2022లో వెస్టిండీస్‌లో జరిగిన అండర్-19 వరల్డ్ కప్‌లో మన జట్టుకు వైస్ కెప్టెన్. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 37 పరుగులకే 2 వికెట్లు పోతే, కెప్టెన్ యశ్ ధుల్‌తో కలిసి 204 పరుగులు జోడించాడు. ఆ రోజు ధుల్ 110 కొట్టాడు, మనోడు 94 దగ్గర ఔటయ్యాడు. ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50. కప్పు మనకొచ్చింది. 2024 నవంబర్‌లో రంజీ ట్రోఫీలో హైదరాబాద్ మీద డబుల్ సెంచరీ చేశాడు.

అంత చేసినా ఐపీఎల్‌లో బెంచీ మీదే కూర్చున్నాడు. 2023 సీజన్‌కు చెన్నై 20 లక్షలకు తీసుకుంది, ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. చివరికి 2025 ఏప్రిల్ 14న లక్నోలో మొదటి మ్యాచ్ దొరికింది. 19 బంతుల్లో 27 పరుగులు, అందులో 6 ఫోర్లు. ఆ సీజన్ మొత్తం కలిపి 5 మ్యాచ్‌లలో 71 పరుగులు. 2025 నవంబర్‌లో జట్టు వదిలేసింది.

ఇక నోట్‌బుక్ లెక్కకొద్దాం. మా పిల్లలు రాసుకున్న ఉసూల్ ఇది: పరుగుకు 1 పాయింట్, ఫోర్‌కు అదనంగా 1, వికెట్‌కు 25, క్యాచ్‌కు 8. కెప్టెన్‌కు రెట్టింపు. ఒక్కో ఆటగాడికి ఒక ధర ఉంటుంది, పదకొండు మందినీ 100లోపు కొనాలి. దీని ప్రకారం లక్నోలో రషీద్ ఆడిన ఆ ముద్దొచ్చే ఇన్నింగ్స్‌కు 33 పాయింట్లు. అంతకు వారం ముందు, ఏప్రిల్ 6న, ఉప్పల్‌లో మన సిరాజ్ హైదరాబాద్ మీద 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. దానికి 100 పాయింట్లు. అంటే ఈ ఆటలో బౌలరే బాద్‌షా. వికెట్ తీయని, బౌలింగ్ వేయని బ్యాటర్ దండిగా కొడితే తప్ప లెక్కలోకి రాడు.

రషీద్ దండిగా కొట్టే రకం కాదు. నిలబడి ఆడే రకం. వాంఖడేలో ముంబై మీద 20 బంతుల్లో 19 చేశాడు. టీ20లో అది నెమ్మదే. ఈ మాట దాచిపెట్టి "పెట్టుకో" అనడం నీకు ఇన్సాఫ్ చేసినట్టు కాదు.

మరి పెట్టుకోమని ఎందుకన్నాను? ఎవరికీ అక్కర్లేని ఆటగాడి ధర తక్కువ. అతన్ని తీసుకుంటే మిగిలిన క్రెడిట్లతో ఒక మంచి బౌలర్‌నో, ఆల్‌రౌండర్‌నో కొనుక్కోవచ్చు. పైగా ఏడుగురూ ఒకే పది పేర్లు రాసుకున్నప్పుడు, నిన్ను మిగతావాళ్ల నుంచి వేరు చేసేది ఆ పదకొండో పేరే. పైవరుసలో బ్యాటింగ్‌కు వస్తే అతనికి ఆడటానికి బంతులు దొరుకుతాయి. ఏడో నంబర్‌లో వచ్చేవాడికి ఎంత హునర్ ఉన్నా ఆ మౌకా ఉండదు.

కాబట్టి షర్తులు మూడు. టాస్ అయ్యాక పదకొండు మందిలో అతని పేరుందో లేదో చూడు. మొదటి మూడు స్థానాల్లో దిగుతున్నాడో లేదో చూడు. ఈ రెండూ ఉంటే పెట్టుకో, కెప్టెన్సీ మాత్రం ఒక ఆల్‌రౌండర్‌కివ్వు.

ఇక్కడ ఇంకో మాట. పిల్లల్లో ఒకడు "మనోడు కదా, పెట్టుకోవాల్సిందే" అన్నాడు. మనలో చాలామంది పెద్దలూ అలాగే అంటారు. షేక్ అనో మహమ్మద్ అనో పేరు కనిపిస్తే దిల్ కొంచెం అటు మొగ్గుతుంది. అందులో గునా ఏమీ లేదు, మొహబ్బత్ అలాగే ఉంటుంది. కానీ పేరు చూసి టీమ్‌లో పెట్టుకోవడం అతని మెహనత్‌కు తౌహీన్. సెమీఫైనల్లో 94 కొట్టింది పేరు కాదు, బ్యాటు. పేరు చూసి తీసుకునేవాడు రేపు ఎవడైనా పేరు చూసి తీసేస్తే ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

అలాగే "వాళ్లే వదిలేశారు" అనేదీ దలీల్ కాదు. 2025 జనవరిలో చాంపియన్స్ ట్రోఫీ జట్టులో సిరాజ్‌కు చోటివ్వలేదు. అదే సంవత్సరం ఆగస్టు 4న ఓవల్‌లో ఇండియా 6 పరుగులతో టెస్టు గెలిచినప్పుడు చివరి వికెట్ తీసింది సిరాజే. ఆ సిరీస్‌లో 5 టెస్టుల్లో 23 వికెట్లు. సెలక్టర్లు వదిలేశారని నువ్వూ వదిలేసి ఉంటే నష్టం ఎవరిది? పక్కన పెట్టిన ప్రతివాడూ సిరాజ్ అవుతాడని కాదు. ఆటను నీ కళ్లతో చూసి ఫైసలా చేసుకోమని.

ఇప్పుడు పెద్ద భాంజా సంగతి. వాడి ఇజాజత్ తీసుకునే రాస్తున్నాను.

మన రాష్ట్రంలో పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2020లోనే బంద్ చేశారు. అయినా బెంగళూరులో ఉన్న దోస్తు అకౌంట్ మీద మా వాడు ఒక యాప్‌లో ఫాంటసీ ఆడాడు. మొదట 49 రూపాయలు. ఒకసారి ఏవో కొన్ని వందలు వచ్చాయి. ఆ తర్వాత రోజుకు రెండు మూడు కాంటెస్టులు. ఏప్రిల్ 14న రషీద్ లక్నోలో ఆడుతుంటే ఈ వరండాలోనే ఎగిరి గంతేశాడు, "మన గుంటూరోడు, మామూ!" అని నాకు ఫోన్ చేశాడు.

పదకొండు రోజుల తర్వాత, ఏప్రిల్ 25న, చెపాక్‌లో చెన్నై, హైదరాబాద్ మ్యాచ్. అదీ జుమా రోజే. మా వాడు రషీద్‌ని వైస్ కెప్టెన్‌గా పెట్టాడు. ఆ రాత్రి పెట్టిన పైసలు ఆపా సెమిస్టర్ ఫీజు కట్టమని ఇచ్చినవి. మ్యాచ్ మొదటి బంతికే షమీ బౌలింగ్‌లో రషీద్ ఔట్. సున్నా.

మా వాడి నోట్లోంచి ఒక గాలీ వచ్చింది. ఇక్కడ రాయలేను. పదకొండు రోజుల క్రితం ఎవరి కోసం గంతేశాడో ఆ పిల్లవాడి మీదే, వాడి అమ్మను కలిపి. లోపల తస్బీ చేసుకుంటున్న మా అమ్మీ విని బయటికొచ్చారు. కోప్పడలేదు. ఒక్కటే అడిగారు: "ఆ బిడ్డ నీకేం బాకీ పడ్డాడు బేటా?"

నా పాతికేళ్ల అఖ్బార్ నౌకరీలో జూదం మీద చాలా వార్తలు రాశాను. ఇంత సూటి సవాల్ ఎక్కడా వినలేదు. పైసా పెట్టనంతవరకూ రషీద్ మా వాడికి ఖుషీ ఇచ్చిన మనిషి. పైసా పెట్టాక బాకీదారు. ఇరవై ఏళ్ల కుర్రాడు, జీవితంలో నాలుగో ఐపీఎల్ మ్యాచ్ కూడా ఆడనివాడు, మొదటి బంతికి ఔటై తల దించుకుని వెళ్తుంటే, పాపం అనాల్సిన నోట గాలీ వచ్చింది.

"ఇది జువా కాదు, దిమాగ్‌తో ఆడే ఆట" అని చాలామంది నాతో వాదించారు. వాళ్ల మాటకు కోర్టుల అండా ఉండేది. 2017లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఫాంటసీ ఆట నైపుణ్యం మీద ఆధారపడిందని చెప్పింది. టీమ్ ఎంచుకోవడంలో దిమాగ్ ఉందని నేనూ ఒప్పుకుంటాను, పైన అంత లెక్క చెప్పింది అందుకే. కానీ సూరా మాయిదా 90, 91 ఆయత్‌లు ఇంకోసారి తీసి చదవండి. మైసిర్‌ను హరామ్ చేస్తూ అక్కడ చెప్పిన వజహ్ ఏమిటి? దాని ద్వారా షైతాన్ మనుషుల మధ్య అదావత్, నఫ్రత్ నాటుతాడని, అల్లాహ్ జిక్ర్ నుంచి, నమాజ్ నుంచి ఆపుతాడని. ఆ జుమా రాత్రి మా వరండాలో రెండూ చూశాను. వాడు ఆ రోజు ఇషా చదవలేదు.

2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసి పైసలతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా ఆపేసింది. ఇండియా జట్టు జెర్సీ మీద అంత పెద్దగా కనిపించిన డ్రీమ్ ఎలెవన్ పేరు పోయింది. మంచిదే. కానీ కానూన్ యాప్‌ను మూయగలదు, లాలచ్‌ను మూయలేదు. అది ఇంకో దర్వాజా వెతుక్కుంటుంది. ఆ దర్వాజా దగ్గర నిలబడాల్సింది అమ్మీ అబ్బాలే.

మన నూజివీడు వాళ్లకు ఈ మాట అర్థం కాకపోవడానికి వీల్లేదు. మామిడి తోట బేరాలు మనం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం. ఇప్పుడు చెట్లు పచ్చగా, ఊరికే నిలబడి ఉన్నాయి. ఇంకొన్ని వారాల్లో పూత మొదలవుతుంది. పూత చూసి తోట మాట్లాడుకునే వ్యాపారులుంటారు. చెట్టు నిండా పూత ఉంటే బంగినపల్లి లారీలు కళ్లముందు కదులుతాయి. తర్వాత మంచు పడుతుంది, తేనెమంచు పురుగు పడుతుంది, పిందె రాలుతుంది, ఏప్రిల్‌లో ఒక్క ఈదురుగాలికి కాయ మొత్తం నేల మీద ఉంటుంది. కొన్నవాడు మునుగుతాడు, లేదా రైతుకు బాకీ ఎగ్గొడతాడు. రెండు ఇళ్ల మధ్య మాటలుండవు. పండు పనికొస్తుందని తేలేదాకా చెట్టు మీది పంట అమ్మకాన్ని రసూలుల్లాహ్ (స) మనా చేసినట్టు బుఖారీలోనూ ముస్లింలోనూ హదీస్ ఉంది. చెట్టును చూడొద్దనలేదు, పూతను చూసి ఖుషీ పడొద్దనలేదు. తెలియని దాని మీద సౌదా చేయొద్దన్నారు.

రషీద్ విషయమూ అంతే. వాడి పూతను మనం 2022లో చూశాం. రంజీలో కాయ కూడా చూశాం. ఐపీఎల్ అనే బజారులో 2025 నవంబర్‌లో ధర పలకలేదు.  జట్టు వదిలేసినప్పుడు వాడికి 21 ఏళ్లు. సబ్ర్‌తో చూడాల్సిన వయసు, పైసలు పెట్టాల్సిన వయసు కాదు.

అందుకని ఆ రాత్రి పిల్లల నోట్‌బుక్‌లో రెండు ఉసూల్ నేనూ చేర్చాను. ఒకటి, ఎవరూ ఒక్క రూపాయి కూడా వేయకూడదు, పందెంగా చాక్లెట్ కూడా పెట్టకూడదు. రెండు, సున్నాకి ఔటైన మన ఆటగాడిని తిట్టినవాడికి 50 పాయింట్లు కోత. గెలిచినవాడికి ఇనామ్ నేనిస్తానన్నాను, రేపటి వేసవిలో మొదటి బుట్ట చిన్న రసాలు. నేను ఆడను, పిల్లల జేబుల్లోంచి ఏమీ రాదు. బుట్ట గెలిచినవాడి చేతికిస్తాను, తినేది అందరూ. ఇది కూడా జాయెజేనా అని మీకు షక్ ఉంటే మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ని అడగండి. నేనూ అడిగాకే మొదలుపెట్టాను.

చిన్నోడు పదకొండో పేరుగా రషీద్‌ని రాసుకున్నాడు. కాసేపటికి పెద్దోడు గోడ వదిలి ముందుకు జరిగాడు. "నాకూ ఒక పేజీ ఇవ్వరా" అన్నాడు. ఏం రాస్తాడా అని చూశాను. అన్నిటికంటే ముందు రషీద్ పేరు రాశాడు. పక్కన కెప్టెన్ అని పెట్టాడు.

"లెక్క ప్రకారం అది గలత్ రా" అన్నాను.

"తెలుసు మామూ. ఈసారి బాకీ నాది" అన్నాడు.

మీ ఇళ్లలో పిల్లలు ఫోన్ పట్టుకుని ఏ ఆట ఆడుతున్నారో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. కోప్పడకండి, మా అమ్మీలా ఒక్క సవాల్ అడగండి. మీ దువాల్లో ఈ ఇద్దరు భాంజాలనూ, గుంటూరు రషీద్‌నూ యాద్ ఉంచుకోండి.

ఖుదా హాఫిజ్.