పంటు తేలింది, రూపాయి మునిగింది

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వస్తుండగా మా మనవరాలి చేతిలోని రూపాయి బిళ్ళ జారి గోదావరిలో పడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "దాదా, ఇంత చిన్న బిళ్ళ మునిగిపోయిందే, ఇన్ని బండ్లను మోస్తున్న ఈ పంటు ఎందుకు మునగలేదు?" అని అడిగింది. బరువైనది మునుగుతుంది, తేలికైనది తేలుతుంది అని మనం పిల్లలకు చెప్పే జవాబు అక్కడ ఎందుకూ కొరగాలేదు.

నీటిలో దిగే ప్రతి వస్తువూ తన చోటు కోసం కొంత నీటిని పక్కకు నెడుతుంది. అలా తొలగిన నీటి బరువెంతో, అంత బలంతో నీరు ఆ వస్తువును పైకెత్తుతుంది. కిలో ఇనుప ముద్ద తొలగించగలిగేది సుమారు 127 గ్రాముల నీటిని మాత్రమే, కాబట్టి మునుగుతుంది. అదే ఇనుమును సాగగొట్టి రెండు లీటర్లు పట్టే గిన్నెగా మలిస్తే, సగం దిగేసరికే కిలో నీటిని తొలగిస్తుంది. ఇక దిగదు. మనం ఎక్కే పంటు కూడా గాలిని నింపుకున్న పెద్ద గిన్నెయే.

నీరు చిక్కబడితే ఎత్తే బలమూ పెరుగుతుంది. లీటరు గోదావరి నీరు దాదాపు కిలో తూగితే, సముద్రపు నీరు 1,025 గ్రాముల వరకు తూగుతుంది. అందువల్ల నదిలోని పడవ సముద్రంలోకి వెళ్లగానే కొద్దిగా పైకి లేస్తుంది. విత్తనపు వడ్లను ఉప్పునీటిలో పోసి తాలును వేరుచేసే మన రైతుకు ఈ సంగతి కొత్త కాదు.

పాఠ్యపుస్తకాలలో ఈ సూత్రానికి ఆర్కిమిడీస్ పేరు ఉంటుంది, అది న్యాయమే. అయితే ఆయన తరువాత ఈ విద్యను పెంచినవారిని మన పిల్లలకు ఎవరు చెబుతారు? అల్ బిరూనీ లోహాలనూ రత్నాలనూ నీటితో తూచి వాటి సాంద్రతలను నిర్ణయించాడు. 1121లో మెర్వ్ నగరవాసి అల్ ఖాజినీ ‘మీజానుల్ హిక్మ’ అనే గ్రంథం రచించి, నీటిలో తూచే త్రాసును వివరించాడు. బంగారంలో కల్తీని నగ చెడకుండానే కనిపెట్టగల త్రాసు అది!

మనవరాలి రెండవ ప్రశ్న కష్టమైనది: "మరి కచ్చులూరులో ఆ బోటు ఎందుకు మునిగింది?"

2019 సెప్టెంబర్ 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన ‘రాయల్ వశిష్ఠ’ కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగింది. సుమారు యాభై మందిని నది మింగింది. సమీప గిరిజన గ్రామస్థులు తమ పడవలతో వచ్చి కొందరిని కాపాడారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్లతో, లంగర్లతో శ్రమించి అక్టోబర్ 22న బోటును ఒడ్డుకు చేర్చింది.

గిన్నె తేలేది నిటారుగా ఉన్నంతసేపే. జనం పై అంతస్తుకు చేరినకొద్దీ పడవ బరువు పైకి జరుగుతుంది. అందరూ ఒకే వైపుకు వెళితే ఒరుగుతుంది. అంచు నీటిని తాకిందా, గాలి ఉండవలసిన చోట నీరు నిండుతుంది. అప్పుడది గిన్నె కాదు, ఇనుప ముద్ద. కొండలు చూడాలని ఒక పక్కకు తోసుకునేవారికి ఈ మాట ఎవరైనా ముందే చెప్పాలి.

మనిషి శరీరం దాదాపు నీటితో సమాన సాంద్రత గలది. తల పైన ఉంచడానికి పెద్దవారికి అయిదారు కిలోల ఊతం చాలు. లైఫ్ జాకెట్ చేసేది అంతే. చేతిలో పట్టుకుంటే లాభం లేదు, పట్టీలు బిగించాలి. మన ఆడవారు కొందరు బుర్ఖా మీద జాకెట్ వేసుకోవడానికి మొహమాటపడతారు. తడిసిన బట్ట నీటిలో ఉండగా అంతగా బరువనిపించదు కాని, కాళ్లూ చేతులూ ఆడనివ్వదు. కాబట్టి జాకెట్ అవసరం వారికే ఎక్కువ.

ఇంటికి వచ్చాక అయిదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాకు మూత బిగించి, నీళ్ల డ్రమ్ములోకి అదమమన్నాను. దాని ఊతం నాలుగున్నర కిలోలకు పైమాటే. రెండు చేతులతో నొక్కినా డబ్బా పూర్తిగా దిగలేదు. పక్కకు జారి, నీళ్లన్నీ దాని మొహాన చిమ్మి, పైకి తేలింది.

"దాదా, కింద నుంచి ఎవరో తోస్తున్నారు!" అంది.

"నీరే తోస్తోంది, బేటీ" అన్నాను. మళ్లీ నొక్కి చూసింది.