పసిబిడ్డలను ఎవరి చేతికప్పగించుచున్నాము?

వంటమనిషిని కుదుర్చుకొనునపుడు మనవారు నాలుగిండ్లలో విచారింతురు. పెండ్లి సంబంధమనగా ఏడుతరముల కూపీ తీయుదురు. అప్పు కోరినవానికి హామీదారు లేక బ్యాంకు గడప దాటదు. రెండేండ్ల పసిదానిని ప్రొద్దుట నుండి సాయంకాలము వరకు పరుల చేతిలో నుంచునపుడు మాత్రము గోడమీది బొమ్మలను చూచి, రుసుము కట్టి, రసీదు పుచ్చుకొని వచ్చుచున్నాము. ఆ బిడ్డనెత్తుకొను ఆయా యెవరు? బండి నడుపువాడెవడు? పిల్లలు నిద్రించు గది తాళపుచెవి యెవరి మొలనున్నది? అడిగిన తలిదండ్రులను మేము మిక్కిలి అరుదుగా చూచితిమి.

చట్టము లేకపోలేదు. 2012 నాటి పోక్సో చట్టము క్రింద 2020 మార్చిలో కేంద్రప్రభుత్వము నిబంధనలను ప్రకటించినది. పాఠశాల గాని, శిశువిహారము గాని, ఆటల శిక్షణాలయము గాని, పిల్లలతో నిత్యసంపర్కము గల ప్రతి సంస్థయు తన సిబ్బందిలో పిల్లలతో మెలగు ప్రతివ్యక్తిని గూర్చి పోలీసు విచారణయు, పూర్వచరిత్ర పరిశీలనయు నియతముగా జరిపింపవలెనని అందున్నది. బోధించువాడు, బోధింపనివాడు, ఖాయమువాడు, కంట్రాక్టువాడు అను భేదము లేదు. మాటలు చక్కగనే కూర్చిరి. కాని 'నియతముగా' ననగా ఏడాదికొకసారియా, పదేండ్లకొకసారియా? ధ్రువపత్రమును తనిఖీ చేయువారెవరు? జరిపింపని యజమానికి ఆ నిబంధన విధించు దండనయేమి? మూడింటికిని మౌనమే జవాబు. ఇట్టి నిబంధనల ఆయుర్దాయము న్యాయవాద వృత్తిలో నున్నవారెరుగనిది కాదు. గెజిట్టులో పుట్టినవి గెజిట్టులోనే కన్నుమూయును.

అనాథబాలుర గృహము నమోదు కాకున్నచో 2015 నాటి బాలన్యాయచట్టము ఏడాది వరకు కారాగారమును, లక్షకు తగ్గని జరిమానాను చూపును. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరేండ్ల ప్రాయముతో మొదలగును. వీధి మలుపున మేడమీద తెరచిన శిశువిహారము ఈ రెండు వలల నడుమ జారిపోవుచున్నది. 50 మందికి తగ్గని ఉద్యోగులున్నచోట శిశువిహారముండవలెననియు, తల్లి దినమునకు నాలుగుమారులు పోయి చూడవచ్చుననియు 2017 లో చట్టమును సవరించిరి. తల్లి చూచు నాలుగుమారులు సరే. తక్కిన కాలమున చూచువారెవరు?

2022 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్సులోని యొక పాఠశాలలో జరిగిన ఘోరమును పాఠకులు మరచియుండరు. పసిపిల్లను చెరచినవాడు ఉపాధ్యాయుడు కాడు, ప్రధానోపాధ్యాయిని కారు నడుపువాడు. 2023 లో న్యాయస్థానము వానికి 20 ఏండ్ల శిక్ష విధించినది. నాడు ప్రభుత్వమువారు పాఠశాల గుర్తింపును రద్దుచేసెదమని గర్జించిరి. చదువులు చెడునని తలిదండ్రులు మొరపెట్టుకొనగా తిరిగి తెరువనిచ్చిరి. 2024 ఆగస్టులో మహారాష్ట్రమున బద్లాపురములో నిందితుడైనవాడు కంట్రాక్టు మీద వచ్చిన పారిశుధ్యపు పనివాడు. జనము రైలుపట్టాలపై కూర్చున్న తరువాత గాని అధికారులు కదలరైరి. పంతులమ్మ పట్టాలను పరిశీలించి, వాకిట తిరుగువారిని వదలుట మన సంస్థలకు అలవాటైపోయినది.

ఇంగ్లండులో 2002 లో సోహాము పట్టణమున ఇరువురు బాలికలను చంపినవాడు పాఠశాల కావలివాడు. వానిపై వేరొక ప్రాంతపు పోలీసులకు పూర్వము పలు ఫిర్యాదులు చేరియుండెను. ఉద్యోగమిచ్చునాడు అవి పైకి రాలేదు. పిమ్మట విచారణసంఘము కూర్చుండెను, చట్టము మారెను, ఇట్టి పరిశీలనలకే ఒక శాఖ 2012 లో ఏర్పడెను. అమెరికాలో 2014 నాటి చట్టము శిశుసంరక్షణాలయపు ప్రతియుద్యోగి వ్రేలిముద్రలను పరిశీలింపుమన్నది. గడచిన అయిదేండ్లలో వాడు నివసించిన ప్రతిరాష్ట్రపు దస్తరమును వెదకుమన్నది, అయిదేండ్లకొకమారు తిరిగి చేయుమన్నది, తప్పుగా పేరెక్కినచో అభ్యంతరము చెప్పుకొను హక్కునిచ్చినది. అచ్చటను పలు రాష్ట్రములు గడువు దాటించినవి. అయినను గడువనునది యొకటి యుండుటచేతనే దాటినవారెవరో తెలిసినది. మనకా గీతయే లేదు.

యాజమాన్యములు ఖర్చని మొరపెట్టుదురు. బస్సుకు రంగువేయుటకు లేని ఖర్చు దీనికి మాత్రమే వచ్చినదా? ఆ ఖర్చును ఆయా జీతమునుండి కోసికొనుట మేము సహింపము.

పోలీసుల పెత్తనము పెరుగునను భయమును మాత్రము మేము తేలికగా త్రోసివేయజాలము. 1871 నాటి నేరస్థజాతుల చట్టము పుట్టుకనే నేరముగా నెంచినది. స్టూవర్టుపురపు ఎరుకలవారు దాని బరువును మోసిరి. అది 1952 లో తొలగినను, ఠాణాలలో ఆ చూపు ఇంకను చావలేదు. కావున పోలీసులు చెప్పవలసినది కులముగాదు, చాడీగాదు. పిల్లలపై నేరము రుజువైనదా, విచారణలో నున్నదా, అంతియే. చెప్పిన మాటను కాదనుటకు పనివానికి అవకాశముండవలెను. లైంగిక నేరస్థుల జాతీయ పట్టిక 2018 నుండి పోలీసుల చేతిలో నున్నది. దానిని బజారున పెట్టుమని మేము కోరము. సంస్థ వ్రాసి యడిగిన పేరునకు నిర్ణీతదినములలో ఔననియో కాదనియో జవాబీయుమందుము. ప్రస్తుత నివాసపు ఠాణాలో మాత్రమే యడిగి ఊరుకొనుట సోహాములో జరిగిన పొరపాటును కోరి తెచ్చుకొనుటయే.

తొలినేరము చేయబోవువాని పేరు ఏ దస్తరములోను నుండదు గదా యని కొందరందురు. నిజమే. అందుచేతనే ఏ పెద్దయు పసివారితో ఒంటరిగా తలుపు మూసికొని యుండరాదు, తలుపునకు అద్దముండవలెను, బండిలో రెండవ మనిషి యుండవలెను. ఇవి పరిశీలనకు తోడుగా నుండవలసినవే గాని దానికి బదులు గావు.

రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును శిశువిహారములకు లైసెన్సును నిర్బంధము చేసి, సిబ్బంది విచారణ పత్రములు లేనిదే దానిని పునరుద్ధరింపరాదని శాసింపవలెను. శాసనము వచ్చువరకు చందాదారులైన మా పాఠకులకు చేతనైనది యొకటి కలదు. జూనులో రుసుము కట్టబోవునపుడు సొమ్ము బల్లమీద పెట్టకముందే, ఆయా మొదలు డ్రైవరు వరకు అందరి పత్రములను, వానిపై తేదీలను చూపుమని అడుగుడు.