పన్ను పీకించుకుందని చెప్పాం

మొహానికీ, మెడకీ చర్మం బిగించే ఆపరేషను చేయించుకుని 6 వారాలైందనీ, గడ్డం కింద చేతికి గడ్డలు తగులుతున్నాయనీ, భయపడాలా అక్కర్లేదా అనీ వొక సోదరి ఉత్తరం రాసింది. "యింట్లో యెవరికీ చెప్పలేదు. దయచేసి నా పేరు వేయకండి" అని కింద రెండు గీతలు గీసింది. ఆ రెండు గీతలూ చూడగానే నాకు మా అక్క గుర్తుకొచ్చింది.

2023 ఫిబ్రవరిలో మా అక్క రాజమండ్రి నుంచి హైదరాబాదు వచ్చి, మా యింట్లో వుండి యిదే ఆపరేషను చేయించుకుంది. అప్పటికామెకు 62 యేళ్ళు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి.

"యీ వయసులో యిదెందుకక్కా?" అన్నాను.

"నీకేం, నీకు మెడ వుంది. నేను గొలుసు వేసుకుంటే మడతల్లో దాక్కుంటోంది" అంది. పైగా మే నెలలో మా అన్నయ్య కూతురి పెళ్ళి.

ఆపరేషనైన మూడోనాటికి అక్క మొహం గుమ్మడికాయలా తయారైంది. మేం కంగారు పడలేదు. రెండు మూడు రోజులు వాపు పెరిగి, ఆ తరవాత తగ్గుముఖం పడుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు. తల యెత్తుగా పెట్టుకుని పడుకోమన్నారు. కూరల్లో ఉప్పు తగ్గించమన్నారు. అంతా సవ్యంగానే జరిగింది. చిక్కల్లా మా అబద్ధంతో వచ్చింది. చూడవచ్చిన వాళ్ళందరికీ "పన్ను పీకించుకుంది" అని చెప్పాం.

మూడోవారానికి వాపు చాలావరకు తీసింది. కాని గడ్డం కింద శనగగింజంత గడ్డలు రెండు తేలాయి. కుడి దవడ కింద తాడు పేనినట్టు గట్టిగా వుంది. అక్క రోజుకి పదిసార్లు తడుముకునేది, పదిసార్లు అద్దం చూసుకునేది. పక్కింటి పిన్నిగారు అది గమనించి, "పన్నువాపు యిన్నాళ్ళుండకూడదమ్మా. ఉప్పుకాపడం పెట్టండి, తెల్లారేసరికి లాగేస్తుంది" అన్నారు. ఆవిణ్ణి అనుకుని లాభం లేదు. మేం చెప్పిన జబ్బుకి ఆవిడ మందు చెప్పారు.

ఆ రాత్రి నేనే రాళ్ళుప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి అక్క దవడకి అద్దాను.

"అసలు వేడే లేదే. యింకాస్త వేయించు" అంది. మళ్ళీ వేయించాను. "ఊహూ, తగలటం లేదు" అంది. నాకనుమానం వచ్చి మూటని నా ముంజేతికి ఆనించుకున్నాను. చుర్రుమంది! దీపం వేసి చూద్దును గదా, అక్క దవడ మీద రూపాయిబిళ్ళంత మేర యెర్రగా కందిపోయి వుంది. ఆమెకి తెలియనే లేదు.

యిద్దరికీ కంటిమీద కునుకు లేదు. తెల్లవారగానే డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాం.

"బొబ్బ లేవలేదు, మీ అదృష్టం" అన్నారాయన. "చర్మాన్ని పైకెత్తినప్పుడు సన్నని నరాలు తెగుతాయి. కొన్ని వారాలు, వొక్కోసారి కొన్ని నెలలు అక్కడ స్పర్శ వుండదు. కాలినా తెలియదు. అదలా వుంచండి, గడ్డలున్నాయని నాకెందుకు చెప్పలేదు?"

అక్క తల వంచుకుంది. "కాన్సరేమోనని భయమేసింది. పైకి చెబితే నిజమవుతుందేమోనని..." అంది. పక్కగదిలో పడుకునే నాకు కూడా ఆ భయం సంగతి చెప్పలేదు!

డాక్టరుగారు తాపీగా వివరించారు. యీ ఆపరేషను వొట్టి చర్మం లాగి కుట్టడం కాదు. కింద వున్న పొరనీ, మెడ ముందు పల్చగా పరచుకున్న కండరాన్నీ బిగించి లోపల కూడా కుట్లు వేస్తారు. వొంట్లోని నీటిని తోడేసే సన్నని లింఫు కాలవలు ఆ పనిలో తెగుతాయి. అవి మళ్ళీ అల్లుకునేదాకా నీరు నిలుస్తుంది. అందుకే పొద్దున్న లేవగానే వాపు యెక్కువగా వుంటుంది, వొక వైపు ముందు తగ్గి రెండోవైపు ఆలస్యమవుతుంది. పైకి కనిపించే వాపు 2, 3 వారాల్లో చాలామటుకు పోయినా, లోపలి గట్టితనం 3 నుంచి 6 నెలలు, కొందరికి యేడాది దాకా వుంటుంది.

యిక గడ్డలు. కొన్ని లోపలి కుట్ల ముడులు. కొన్ని గడ్డకట్టిన కాస్త నెత్తురు. కొన్ని గాయం మానేటప్పుడు యేర్పడే గట్టి కండ. యివి క్రమంగా మెత్తబడతాయి. మెత్తగా, కదిలినట్టుండేది నీరు కావచ్చు. అవసరమైతే డాక్టరే సూదితో తీస్తారు. యేది యేదో చేత్తో చూసి చెప్పవలసింది ఆయనే. ఆయన చెప్పకుండా మర్దనాలు, పట్లు, కాపడాలు పనికిరావు.

ఆగకుండా పరుగెత్తవలసిన సందర్భాలు కూడా వున్నాయి. ముఖ్యంగా మొదటి రోజున వొక వైపు హఠాత్తుగా బిగుసుకుని వాచి నొప్పి పెడితే, లోపల నెత్తురు చేరుతోందేమో చూపించుకోవాలి. యెప్పుడైనా సరే, వూపిరాడకపోయినా, జ్వరం వచ్చినా, చర్మం యెర్రబడి వేడెక్కినా, చీము పట్టినా, నల్లబడినా మర్నాటిదాకా ఆగకూడదు. తగ్గవలసిన గడ్డ నానాటికీ పెరుగుతున్నా అంతే. ఆపరేషను వల్లనేలే అని సరిపెట్టుకోకుండా పరీక్ష చేయించాలి.

దాచుకోవడానికి యిదేమీ తప్పుపని కాదని నాకు తరవాత తెలిసింది. పారిస్‌లో సుజాన్ నోయెల్ అనే లేడీ డాక్టరు యీ ఆపరేషన్లు చేస్తూ, వాటివల్ల సంఘానికేమిటి ప్రయోజనమో 1926లోనే పుస్తకం రాసింది. వయసు కనిపిస్తే కొలువు పోతుందని భయపడే ఆడవాళ్ళు ఆమె దగ్గరికి వచ్చేవారు. "యీ వయసులో యెందుకు?" అని అడిగిన నా నోటికి అదే జవాబు.

ఆ రోజు ఆస్పత్రి నుంచి రాగానే అక్క పిన్నిగారికి వున్నమాట చెప్పేసింది. ఆవిడ బుగ్గలు నొక్కుకుని, "ముందే చెబితే ఉప్పు మాట యెత్తేదాన్నా తల్లీ!" అన్నారు. మర్నాటినుంచి ఉప్పు తగ్గించిన చారు అక్కకోసం ఆవిడ యింటినుంచే వచ్చింది.

మే నెల పెళ్ళికి అక్క గొలుసు వేసుకుని వచ్చింది. దవడ కింద గట్టితనం యింకా కాస్త వుంది; చూసేవాళ్ళకి తెలియలేదు. మరుసటి సంక్రాంతికి తడిమి చూసుకుంటే గడ్డలు లేవు.

అమ్మా, మీ పేరు వేయలేదు. కాని మీ గడ్డల సంగతి యీ వారమే మీ డాక్టరుకి చూపించండి. యింట్లో వొక్కరికైనా వున్నమాట చెప్పండి. వాపు తగ్గడానికి నెలలు పడుతుంది. అన్ని నెలలూ వొంటరిగా అద్దం ముందు నిలబడకండి.