నూటికి నలభై

పిల్లల మనస్తత్వ పరీక్షల విషయంలో మన మిత్రులు రెండు మాటలు అంటూ వుంటారు. మొదటిది: ఆటిజం, ఏకాగ్రత లోపం, అక్షరాల దగ్గర తికమక - ఇవన్నీ పట్నాల్లో డబ్బున్నవాళ్ళ జబ్బులు; కూలినాలి చేసుకునేవాళ్ళ పిల్లలకు ఇవి వుండవు. రెండవది: ఆ పరీక్షలు పేదపిల్లలను ఏరిపారేయటానికి పాశ్చాత్య పెట్టుబడిదారులు తయారుచేసిన జల్లెడలు; అభ్యుదయవాది అయినవాడు వాటిని దగ్గరికి రానివ్వకూడదు. మొదటి మాట శుద్ధ తప్పు. రెండవదానిలో సగం నిజం వుంది గనుక దాని సంగతి కాస్త తీరిగ్గా చూడవలసివుంది. అయితే ఈ రెండింటికీ ఒకచోట పొత్తు కుదురుతుంది. జనగామలో హమాలీ కొడుకునూ, మహబూబాబాదు తండాలోని పిల్లనూ, భూపాలపల్లి బొగ్గుగనిలో కాంట్రాక్టు కార్మికుడి బిడ్డనూ రెండు వాదాలూ ఎక్కడివాళ్ళను అక్కడే వుంచుతాయి.

మనం ఎవరిని గురించి మాట్లాడుకుంటున్నామో ముందుగా చెప్పాలి. మూడేళ్ళు నిండినా మాట రాని పిల్లవాడు. చెవులు బాగానే వున్నా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడనివాడు. సైకిలు చక్రం తిప్పుతూ పొద్దంతా గడిపేవాడు. నాలుగో తరగతికి వచ్చినా ఒత్తులూ గుణింతాలూ కుదరక బడి ఎగ్గొట్టేవాడు. వీళ్ళను పరీక్షించి ఇది ఆటిజమా, బుద్ధిమాంద్యమా, చదువుకు సంబంధించిన ప్రత్యేకమైన చిక్కా, లేక అసలేమీ కాదా అని తేల్చవలసిన మనిషి క్లినికల్ సైకాలజిస్టు. తేల్చటమే కాదు, ఇకనుంచి ఇంట్లో తల్లీ, బడిలో పంతులూ ఏం చెయ్యాలో చెప్పవలసిందీ ఆ మనిషే. ఆ మనిషి లేనిచోట ఆ పని బెత్తం చేస్తుందని బడిపంతులుగా నేను చాలాకాలం చూశాను. "మొద్దు", "మొండి" అనే రెండు రోగనిర్ణయాలు దానికి బాగా తెలుసు.

డబ్బున్నవాళ్ళ జబ్బు అనే మాట ఎక్కడ పుట్టింది? 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణిస్తూ ఈ స్థితిని గురించి రాశాడు. ఆ పిల్లల తల్లిదండ్రులు చాలామంది పెద్ద చదువులు చదివినవాళ్ళు. ఎందుకని? బాల్టిమోరులో ఆయన పనిచేసే ఆస్పత్రిదాకా బిడ్డను తీసుకుపోగలిగినవాళ్ళు వాళ్ళే గనుక. దవాఖానా గుమ్మం లోపల కూచుని లెక్కపెట్టి, ఆ గుమ్మం దాటి రాలేనివాళ్ళకు జబ్బే లేదనటం ఏ రకం శాస్త్రం? లండనులో లోర్నా వింగ్, జుడిత్ గౌల్డ్ ఈ పద్ధతిని తలకిందులు చేశారు. తమ దగ్గరికి వచ్చినవాళ్ళతో సరిపెట్టుకోకుండా, కాంబర్‌వెల్ ప్రాంతంలో ఏదో ఒక లోపం వున్నట్టు తెలిసిన పిల్లలందరినీ పట్టి చూసి, 1979లో ఫలితాలు ప్రకటించారు. మరుసటి ఏడాది వింగ్ వర్గం సంగతినే తీసుకుని ప్రత్యేకంగా ఒక వ్యాసం రాసింది. ఆటిజం ఏ ఒక్క తరగతి సొత్తూ కాదనీ, తేడా అంతా డాక్టరు దగ్గరికి ఎవరు చేరగలిగారన్న దానిలోనే వుందనీ చూపింది. వర్గదృక్పథం గురించి మనకు పాఠాలు చెప్పే మిత్రులు ఆ వ్యాసం చదివివుంటే బాగుండేది.

మన దేశంలో 2018లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం అయిదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ళ పిల్లలను పరీక్షించింది. ఆ అయిదింటిలో హైదరాబాదు ఒకటి. కొండప్రాంతమూ, గిరిజన ప్రాంతమూ కూడా వున్నాయి. ఆరేళ్ళలోపు పిల్లల్లో నూటికి 9 మందికి పైగా, ఆపైవారిలో నూటికి 13 మందికి పైగా, చూపు, వినికిడి, మూర్ఛ మొదలుకొని ఆటిజం, చదువు చిక్కులదాకా ఏదో ఒక ఇబ్బంది వున్నట్టు తేలింది. ఆటిజం ఒక్కటే తీసుకుంటే దాదాపు నూటికొకరు. 2011 జనాభా లెక్కల్లో మాత్రం ఆటిజానికి ఒక గడి అయినా లేదు. లెక్కే పెట్టనివాళ్ళను లేరనటం మన ప్రభుత్వాలకు కొత్తగాదు. మన మిత్రులకూ అదే అలవాటయితే ఏం చెప్పాలి?

2016 అక్టోబరులో పాత వరంగల్లు జిల్లాను విడగొట్టినప్పుడు ఈ మూడూ జిల్లాలయ్యాయి. కలెక్టరాఫీసులు వచ్చాయి. మహబూబాబాదుకు 2022లో, జనగామకూ భూపాలపల్లికీ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇవి మంచి పనులు. కాని పిల్లవాణ్ణి నాలుగుసార్లు దగ్గర కూచోబెట్టుకుని చూసే సైకాలజిస్టు కావాలంటే తల్లి చూపు ఇప్పటికీ హనుమకొండ వైపో హైదరాబాదు వైపో తిరుగుతుంది. జనగామవాళ్ళకు రైలుంది. మహబూబాబాదుకూ వుంది గాని, కొత్తగూడ, గంగారం ఏజెన్సీ ఊళ్ళనుంచి ఆ స్టేషను చేరటమే ఒక ప్రయాణం. భూపాలపల్లికి ఆ రైలు కూడా లేదు; పలిమెల, మహాముత్తారం అడవి పల్లెలనుంచి బయల్దేరిన మనిషికి వరంగల్లు చేరేసరికి ఒక పూట గడిచిపోతుంది. కూలి పోతుంది, చార్జీలు పోతాయి. "వచ్చే నెల మళ్ళీ తీసుకురండి" అంటారు. వచ్చే నెల ఎవరు పోతారు?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం వైద్యబృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. లోపం కనిపించిన పిల్లలను జిల్లాలో ఇందుకోసమే పెట్టిన కేంద్రానికి పంపాలి. ఆ కేంద్రంలో సైకాలజిస్టు వుండాలని మార్గదర్శకాల్లోనే రాసివుంది. రాసివున్నదాన్ని అడగటానికి విప్లవం అక్కరలేదు.

ఇక పరీక్ష సంగతి. ఆటిజాన్ని కొలిచే భారతీయ కొలబద్ద ఎక్కడో తయారుకాలేదు. సికిందరాబాదు మనోవికాస నగర్‌లో, 1984లో స్థాపించిన జాతీయ బుద్ధిమాంద్య సంస్థలో (ఇప్పుడు దాని పేరు మారింది) తయారయింది. దానిలో 40 అంశాలున్నాయి. ఒక్కొక్కదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. అంటే ఏ లక్షణమూ లేని పిల్లవాడికి కూడా 40 వస్తాయి. 70 లోపయితే ఆటిజం లేదు. 70 నుంచి 106 దాకా కొద్దిపాటి, 107 నుంచి 153 దాకా మధ్యరకం, ఆపైన తీవ్రం. ఆ ప్రవర్తన పిల్లవాడిలో ఎంత తరచుగా కనిపిస్తుందో దాన్నిబట్టి మార్కు వేయాలి: నూటికి 20 వంతులలోపైతే 1, 80 దాటితే 5. తెలియని గదిలో, తెలియని మనిషి ఎదుట కూచోబెట్టిన పిల్లవాడు ఎదుటివారి కళ్ళలోకి చూడకపోవటం నూటికి ఎన్ని వంతులో అరగంటలో ఎవరు చెప్పగలరు? అందుకే పిల్లవాణ్ణి గమనించటమేకాక తల్లిని అడిగి తెలుసుకోవాలని ఆ పద్ధతిలోనే వుంది.

తల్లిని ఏ భాషలో అడగాలి? మహబూబాబాదు జిల్లా జనాభాలో మూడోవంతుకు పైగా గిరిజనులు. తండాల్లో లంబాడీ, గూడేల్లో కోయ వినిపిస్తాయి. ఇంగ్లీషులో అచ్చయిన ప్రశ్న సైకాలజిస్టు నోట తెలుగై, పక్కన నిలబడ్డ మరో మనిషి నోట లంబాడీ అయి తల్లికి చేరుతుంది. జవాబు అదే దారిన వెనక్కి వస్తుంది. ఆ రాకపోకల్లో "ఎప్పుడూ" అన్నది "అప్పుడప్పుడు" అవుతుంది, 5 కాస్తా 2 అవుతుంది. అంతకంటె ఘోరం ఇంకొకటుంది. తెలుగు రాని పిల్లవాడికీ మాట రాని పిల్లవాడికీ మధ్యనున్న తేడాను ఆ అరగంట పట్టుకోలేదు. ఒకడు బడికి కావలసినవాడు, వాడి భాష తెలిసిన పంతులుంటే చాలు. రెండోవాడికి ప్రత్యేకమైన శిక్షణ కావాలి. ఇద్దరికీ ఒకే కాగితం ఇచ్చి పంపితే ఇద్దరూ చెడతారు.

కొలబద్ద మీద 70 వస్తే 40 శాతం వైకల్యం. 69 వస్తే ఏమీ లేదు. 1995 చట్టం 7 వైకల్యాలను గుర్తిస్తే వాటిలో ఆటిజం లేదు. 2016 చట్టం 21 వైకల్యాలను గుర్తించింది, ఆటిజం అందులో చేరింది. వికలాంగుల సంఘాలు ఏళ్ళ తరబడి తిరిగి సాధించుకున్న చట్టమది, దాన్ని తక్కువచేయటం నా ఉద్దేశం కాదు. కాని రిజర్వేషను గాని, పింఛను గాని ఆ 40 శాతం గడప దాటినవాడికే. ఆసరా కింద వికలాంగుల పింఛను 2014లో 1,500 రూపాయలు, 2019లో 3,016, 2023లో 4,016 అయింది. పత్తిచేలో కూలికి పోయే ఇంట్లో నెలనెలా వచ్చే ఈ డబ్బు ఏమిటో తెలిసినవాడు, సదరం క్యాంపులో తల్లి "సారూ, పర్సంటేజీ ఎంతొచ్చింది?" అని అడిగితే నవ్వడు. నవ్వినవాళ్ళను నేను చూశాను. "వీళ్ళకు బిడ్డకేమయిందో అక్కరలేదు, పైసలు కావాలి" అని చదువుకున్న పెద్దమనిషి ఒకాయన నాతోనే అన్నాడు. అయ్యా, ఆ గదిలో ఆమెకు ఇచ్చేది ఆ అంకె ఒక్కటే గనుక ఆమె దాన్నే అడిగింది. బిడ్డ మాట్లాడే ఉపాయం కూడా అక్కడ ఇస్తారని తెలిస్తే ముందు దాన్నే అడిగివుండేది.

ఇప్పుడు రెండో వాదనకు వద్దాం. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే తన పరీక్షను తయారుచేసింది బడిలో ఎవరికి అదనపు సాయం కావాలో తెలుసుకోవటానికి. 1908లో అమెరికాలోని వైన్‌లాండ్‌లో గోడార్డు దాన్ని తర్జుమా చేసి, తరువాత ఎల్లిస్ దీవిలో ఓడ దిగిన పేద వలసజనాన్ని మందబుద్ధులని ముద్రవేయటానికి వాడాడు. అదే వైన్‌లాండ్‌లో 1935లో ఎడ్గార్ డాల్ కూర్చిన సాంఘిక పరిణతి కొలబద్ద, మన దేశపు రూపం తొడుక్కుని, బుద్ధిమాంద్యాన్ని తేల్చే మన 2018 నిబంధనల్లోకి వచ్చింది. పరీక్షకు వర్గచరిత్ర వుందన్న మాట అబద్ధం కాదు.

అయితే మిత్రులు తాము మెచ్చే చరిత్రను కూడా చివరిదాకా చదవాలి. 1936 జూలై 4న సోవియట్ కమ్యూనిస్టు పార్టీ కేంద్రసంఘం బడుల్లో ఈ పరీక్షలను నిషేధించింది. కార్మికుల, రైతుల పిల్లలను కుప్పలుగా ప్రత్యేక పాఠశాలలకు తోస్తున్నారన్నది అభియోగం. అభియోగంలో నిజముంది. ఫలితం? పరీక్షలతో పాటు వైగోట్‌స్కీ రచనలు కూడా అటకెక్కాయి. ఆయన 1934లోనే పోయాడు. ఆయన పుస్తకాలు మళ్ళీ వెలుగు చూడటానికి 1956 దాకా ఆగవలసివచ్చింది. పిల్లవాడు ఒంటరిగా ఏం చేయగలడో చూసి వదిలెయ్యకు, నువ్వు చెయ్యి అందిస్తే ఏం చేయగలడో కూడా చూడమన్నది ఆయన చెప్పినదాని సారం. పరీక్షను పిల్లవాడి పక్షాన నిలబెట్టే ఆలోచన అది. నిషేధం ఆ ఆలోచనను మూలపెట్టింది. మాట రాని పిల్లలకు నిషేధంవల్ల మాట రాలేదు.

మాస్కోలోనే మరొకామె వుంది. గ్రున్యా సుఖరేవా 1925లో, కానర్‌కు 18 ఏళ్ళ ముందు, ఆరుగురు మగపిల్లలను గురించి రాసింది. ఇవాళ మనం ఆటిజం అనే లక్షణాలు అందులో స్పష్టంగా వున్నాయి. ఆమె వాళ్ళను వైద్యంతో కూడిన బడిలో పెట్టుకుని సుమారు రెండేళ్ళు గమనించింది. ఏది మెరుగుపడిందో, ఏది పడలేదో కూడా రాసింది. ఆమెకు రెండేళ్ళు పట్టినదానికి మన క్యాంపులో ఎంతసేపు దొరుకుతుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

సైకాలజిస్టులను మనుషులుగా నిందించటంలో నాకు సరదా లేదు. బారులు తీరిన జనాన్ని ఒక పూటలో ముగించమంటే ఎంత మంచివాడయినా గుమాస్తా అవుతాడు. కాని ఆ పనిని శాస్త్రమని పిలుస్తూ సంతకం పెట్టటం మాత్రం వారి తప్పే. రిపోర్టు ఇంగ్లీషులో రాయటం ఇంకో తప్పు. తల్లి చదవలేని కాగితం ఆమె బిడ్డను గురించినదెట్లా అవుతుంది? చదువు చిక్కు వున్న పిల్లలకు 2018 నిబంధనల ప్రకారం ఎనిమిదేళ్ళు నిండితే గాని ధ్రువపత్రం వచ్చేది కాదు. అప్పటికి వాడు మూడో తరగతిలో తన్నులు తింటూ వుండేవాడు. దీన్ని గురించి ఆ వృత్తిలోవాళ్ళు గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

ప్రభుత్వం ఖాళీగా వదిలినచోట అంగడి వెలుస్తుంది. ఇన్ని నెలల్లో మాట తెప్పిస్తామని బోర్డు కట్టినవాడికి అర్హత వుందో లేదో అడిగేవాళ్ళు తక్కువ. 1992 పునరావాస మండలి చట్టం ప్రకారం రిజిస్టరులో పేరులేనివాడు ఈ పని చేస్తే ఏడాదిదాకా జైలు, లేదా వెయ్యి రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. నెల ఫీజులో ఆ వెయ్యి ఎంత?

మనం అడగవలసింది పెద్ద జాబితా కాదు. మూడు వైద్య కళాశాలలున్నాయి. ఒక్కొక్కచోట, జీతమిచ్చి నిలవరంగా వుంచిన పిల్లల సైకాలజిస్టు కావాలి. లంబాడీ, కోయ మాట్లాడే యువకులకు ఆ చదువు చెప్పించాలి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వాటిలో కాంట్రాక్టు మీద ఏళ్ళతరబడి నెట్టుకొస్తున్న ప్రత్యేక ఉపాధ్యాయులకు ఆ సైకాలజిస్టు నెలనెలా వెళ్ళి పిల్లవాణ్ణి చూసి, తరువాత చేయవలసింది చెప్పాలి.

మన రచయితల సంగతి కూడా ఒక మాట. కథల్లో, సినిమాల్లో ఇటువంటి పిల్లవాడు నవ్వించటానికో, ఏడిపించటానికో, కథానాయకుడి దయాగుణం చూపటానికో వస్తాడు. ఆ పిల్లవాణ్ణి ఎత్తుకుని బస్సెక్కిన తల్లి ప్రయాణం మీద, క్యాంపులో గోడకు ఆనుకుని ఆమె కాచుకున్న మధ్యాహ్నం మీద మన పత్రికల్లో ఎన్ని కథలొచ్చాయి? నవ్వుకూ జాలికీ మధ్య, ఆమె చేతిలోని ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో రాసిమ్మని, రాసినదాన్ని ఆమె భాషలో చదివి వినిపించమని, కింద మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ వేయమని అడిగే పని ఒకటి అట్లాగే పడివుంది.