మూత్రపిండముల పరీక్షకు ఒక్క చీటీ చాలదు



మట్టి నమూనా తీయు విధమును మీకు అనేక పర్యాయములు చెప్పియున్నాను. గట్టు ప్రక్కను, పెంటకుప్ప యున్నచోటను తీసిన దోసెడు మన్ను చేని సంగతి చెప్పదు. పలుచోట్ల తీసి కలిపినదే చెప్పును. పొలము విషయమున మీరు పాటించు నీ నియమమును దేహము విషయమున పాటింపరని నా ఫిర్యాదు.

ఉద్దానమున, అనగా కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములందు, మధుమేహము లేనివారికిని మూత్రపిండములు చెడుచున్నవి. మూలకారణము నేటికిని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. కారణము తేలువరకు వ్యాధిని ముందుగా పట్టుటకు పరీక్షయే మనకు దిక్కు.

నే నెరిగిన యొక సభ్యుడు జీడితోటలో రెండు దినములు ఎండకు పాదులు త్రవ్వి, నీరు సరిగా త్రాగక, మరునాడు రక్త మిచ్చెను. చీటీలో క్రియాటినిన్ 1.5 అని వచ్చినది. చీటీ చూచిన వా డెవడో "కిడ్నీలు పోయినవి" అనెను. ఇతడు తోట తాకట్టు పెట్టి పట్టణములు తిరిగెను. మూడు నెలల తరువాత అంకె 1.1కి దిగినది, తాకట్టు మాత్రము దిగలేదు. అతని పొరుగువాని కథ వేరు. మూత్రములో ముంచిన కాగితపు పట్టీ రంగు మారలేదని ధైర్యముతో రెండేండ్లు రక్తపరీక్షకే పోలేదు. పోవునప్పటికి ఆలస్యమైనది.

క్రియాటినిన్ కండరములనుండి పుట్టు వ్యర్థపదార్థము. మూత్రపిండములు దానిని వడగట్టి వెలుపలికి పంపును. వడపోత సగము తగ్గువరకును ఈ అంకె పెరుగకపోవచ్చును. కండ తక్కువైన వారియందు మరింత మోసము చేయును. అందుచేత వయస్సును, స్త్రీపురుష భేదమును చేర్చి వడపోతను లెక్కింతురు. అంకె 1.3 అయినచో, 2021 నాటి సూత్రము ప్రకారము 25 ఏండ్ల పురుషునకు వడపోత నిమిషమునకు సుమారు 78 మిల్లీలీటర్లు; 65 ఏండ్ల స్త్రీకి సుమారు 46 మాత్రమే. అంకె యొక్కటే, స్థితి వేరు! ఈ వడపోత 60కి తగ్గి మూడు నెలలు దాటి నిలిచినచో దీర్ఘవ్యాధి యందురు.

మూత్రములో ఆల్బుమిన్‌ను క్రియాటినిన్‌తో పోల్చి చూతురు. గ్రామునకు 30 మిల్లీగ్రాములు మించుట మంచిది కాదు. అయితే ఉద్దానపు వ్యాధి ముఖ్యముగా వడపోత గొట్టములను చెరచునది గనుక, ఆల్బుమిన్ మొదట అంతగా కారదు. పట్టీ రంగు మారలేదని నిశ్చింత వలదు. గొట్టముల దెబ్బను తెలుపు ఆల్ఫా-1 మైక్రోగ్లోబులిన్, కిమ్-1 వంటి గురుతులు కలవుగాని, అవి నేడు విశేషముగా పరిశోధకులకే ఉపయోగము. వానికై అప్పు చేయకుడు. కండ పలుచనివారు సిస్టాటిన్-సి పరీక్షను గూర్చి వైద్యుని అడుగవచ్చును. అది కండపై అంతగా ఆధారపడదు.

నా సూచన యిది. పంట ఋణపు కాగితములు వ్రాయు మాసమున, సంఘమువారు లాభమునుండి కొంత సొమ్ము తీసి సభ్యులకును, వారి యింటి స్త్రీలకును రక్తము, మూత్రము రెండును పరీక్ష చేయింపవలెను. చెడు వచ్చినవారికి మూడు నెలలకు మరల చేయింపవలెను. వైద్యము మన పని కాదని కొంద రందురు. మన మిచ్చు ఋణము ఏ దేహపు కష్టమువలన తీరుచున్నదో వారు చెప్పవలెను. చీటీలు సభ్యుని యొద్దనే యుండవలెను. వానిని చూచి ఋణము నిరాకరించుటకు ఎవరికిని అధికారము ఉండరాదు. ఇది నిబంధనలలో వ్రాయనిచో నా సూచనను నేనే ఉపసంహరించుకొందును.

పరీక్షకు ముందు దినము ఎండలో బరువుపని మానుడు, నీరు త్రాగుడు, నొప్పిమాత్రలు మ్రింగియున్నచో దాచక చెప్పుడు. ప్రతిసారి ఒకే ప్రయోగశాలకు పొండు. పాత చీటీలను పాసుపుస్తకముతో చేర్చి కుట్టి తీసికొని పొండు.