డీజే కోసం కొత్త ఫోన్ వద్దు, ముందు ఒక వైరు కొనండి

డీజే చేయడానికి ఏ ఫోన్ కొనాలి? పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడితే చాలు, ఈ ప్రశ్న మొదలవుతుంది. అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి వైపు కుర్రాళ్లయితే ఇంకా సూటిగా అడుగుతారు: "లైవ్‌లో మ్యాషప్ చేయల్ల అన్నా, స్టెమ్స్ ఆడల్ల, ఈఎంఐ అయినా పర్లేదు." నా సమాధానం కూడా సూటిగానే: ఆ ఈఎంఐ పెట్టుకోవద్దు. చేతిలో ఉన్న మూడేళ్ల నాటి ఫోన్ చాలు.

మన పల్లెల్లో డీజే అంటే నిన్నమొన్నటి దాకా మనిషి కాదు, బాక్సులు. ట్రాక్టర్ ట్రాలీ మీద బేస్ బాక్సులు, యాంప్లిఫయర్లు, వెనకాల జనరేటర్. "డీజే వచ్చిందా?" అంటే అర్థం అదే. పెన్‌డ్రైవ్ గుచ్చి వదిలేస్తే పాటలు వాటంతట అవే పోతుండేవి. ఇప్పుడు సెట్టు అద్దెకిచ్చేవాళ్లు చాలామంది అయ్యారు కాబట్టి తేడా చూపించేది మిక్సింగే. ఒక పాట తెగకుండా ఇంకో పాటలోకి దింపగలిగిన కుర్రాడిని ఆ పెళ్లిలోనే ఇంకొకరు మాట్లాడుకుంటారు. శెనక్కాయ పంట మీద భరోసా లేని జిల్లాలో ఎండాకాలం పెళ్లిళ్ల సంపాదన చిన్న విషయం కాదు. అందులో సగం ఫోన్ వాయిదాలకే పోతే ఇంక మిగిలేదేముంది?

కొత్త ఫోన్ కొనిపించేది ముఖ్యంగా ఈ స్టెమ్స్ మోజే. స్టెమ్స్ అంటే తయారైన పాటను గొంతు, డ్రమ్స్, బేస్, మిగతా వాయిద్యాలుగా విడగొట్టడం. 2019లో డీజర్ కంపెనీ స్ప్లీటర్ అనే టూల్‌ని ఉచితంగా వదిలాక ఇది మామూలు జనం చేతికి వచ్చింది. 2020లో వర్చువల్ డీజే, ఆల్గోరిద్దిమ్ వాళ్ల డీజే ప్రో యాప్ పాట ఆడుతుండగానే విడగొట్టడం మొదలుపెట్టాయి. 2022 చివర్లో సెరాటో కూడా చేరింది. ఒక పాట గొంతు, ఇంకో పాట డ్రమ్స్, వేలితో నొక్కితే మ్యాషప్ రెడీ. డెమో వీడియోలో చూస్తే ఎవరికైనా నోరూరుతుంది.

కానీ ఆ వీడియోలు ఏసీ గదిలో తీసినవి. లైవ్‌లో స్టెమ్స్ విడగొట్టడం ప్రాసెసర్‌కి చాలా బరువైన పని. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ కంపెనీయే చెబుతుంది. మే నెలలో అనంతపురం 40 దాటుతుంది, మెరవణి మొదలయ్యే వేళకి కూడా నేల పొగలు కక్కుతూనే ఉంటుంది. పక్కన జనరేటర్, పైన ఫోకస్ లైట్లు. ఫోన్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, స్క్రీన్ మసకబారుతుంది, సౌండ్ చిటపటలాడుతుంది. లక్ష రూపాయల ఫోన్‌కీ ఇందులో మినహాయింపు లేదు.

దీనికి చవకైన దారి ఉంది. స్టెమ్స్ ముందు రోజే ఇంట్లో విడగొట్టుకోండి. అల్టిమేట్ వోకల్ రిమూవర్ అనే ప్రోగ్రామ్ ఉచితం. మెటా పరిశోధకులు తయారుచేసిన డెముక్స్ కూడా అందులోనే నడుస్తుంది. ఫ్రెండ్ ల్యాప్‌టాప్ ఒక రాత్రి దొరికితే ముప్పై పాటల గొంతులు, మ్యూజిక్‌లు వేర్వేరు ఫైళ్లుగా మీ ఫోన్‌లోకి వచ్చేస్తాయి. పెళ్లిలో ఒక డెక్‌లో గొంతు ఫైలు, ఇంకో డెక్‌లో మ్యూజిక్ ఫైలు. మామూలు ఫోన్‌కి ఇది రెండు పాటలు ఆడించినంత పనే.

ఇంకో లాభం కూడా ఉంది. తప్పెట, ఉరుములు గట్టిగా మోగే జానపదాల్లో స్టెమ్స్ తీస్తే గొంతుకి ఆ దెబ్బల చప్పుడు అంటుకుని వస్తుంది. అలాంటిది ఇంట్లో విని పక్కన పడేయొచ్చు. లైవ్‌లో ఐతే బాక్సుల్లోంచి వచ్చాకే తెలుస్తుంది.

అసలు మన పాటలతో ఈ యాప్‌లకి పెద్ద గొడవ వేరే ఉంది: తాళం. యాప్‌లన్నీ పాశ్చాత్య క్లబ్ మ్యూజిక్‌ని, అంటే 4/4 లెక్కని మనసులో పెట్టుకుని తయారైనవి. మన తీన్మార్ దెబ్బ, చాలా మాస్ పాటలు 6/8 లెక్కలో నడుస్తాయి. ఆస్కార్ తెచ్చిన 'నాటు నాటు' కూడా 6/8 పాటే. ఇందులో ఒక పెద్ద దెబ్బ లోపల మూడు చిన్న దెబ్బలు ఉంటాయి, 4/4లో రెండో నాలుగో ఉంటాయి. యాప్ ఆ చిన్న దెబ్బల్ని లెక్కేసి బీపీఎమ్‌ని కొన్నిసార్లు ఒకటిన్నర రెట్లు చూపిస్తుంది. మీరు సింక్ నొక్కుతారు, స్క్రీన్ మీద అంతా కలిసిపోయినట్టే కనిపిస్తుంది, బయట మాత్రం డ్యాన్స్ చేసేవాళ్ల కాళ్లు తడబడతాయి. ఏ ఫోన్ కొన్నా ఈ జబ్బు పోదు. పాట వింటూ కాలితో తాళం వేసి ట్యాప్ బటన్‌తో బీపీఎమ్ మీరే సరిచేసుకోవాలి. 6/8ని 6/8తోనే కలపండి. 4/4లోకి వెళ్లాలంటే డ్రమ్స్ పూర్తిగా ఆపి, నాలుగు సెకన్లు గొంతు ఒక్కటే వదిలి, అక్కడి నుంచి కొత్త దెబ్బ మొదలుపెట్టండి. పాత పాటలైతే మనుషులు కూర్చుని వాయించినవి, వేగం మధ్యలో మారుతూ ఉంటుంది. వాటిని ఎక్కువసేపు ఒకదాని మీద ఒకటి ఆడించొద్దు.

రాయదుర్గం, మడకశిర వైపు పెళ్లిళ్లయితే సగం బంధువులు బళ్లారి, పావగడ నుంచి వస్తారు. తెలుగు పాట డ్రమ్స్ మీద కన్నడ పాట గొంతు పడితే రెండు వైపులవాళ్లూ లేస్తారు. దీన్ని ఏ ఏఐ సూచించదు. పెళ్లివారిది ఏ ఊరో ముందు రోజు ఫోన్ చేసి అడిగితే చాలు.

ఇక వైరు సంగతి. బ్లూటూత్‌తో మిక్సింగ్ చేయొద్దు, ఇందులో బేరం లేదు. మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్‌లో సౌండ్ 150 నుంచి 250 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. 120 బీపీఎమ్ పాటలో ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఉండేది 500 మిల్లీసెకన్లే. దాదాపు అర దెబ్బ వెనకబడి వింటూ ఏం కలుపుతారు? స్ప్లిటర్ కేబుల్ కొనండి. ఎడమ చానల్ బాక్సులకి, కుడి చానల్ మీ హెడ్‌ఫోన్‌కి. స్టీరియో పోతుంది, ట్రాక్టర్ ముందు ఎగిరేవాళ్లకి దాంతో పనిలేదు. 3.5 ఎమ్ఎమ్ జాక్ ఉన్న పాత ఫోన్ ఇక్కడ కొత్తదానికంటే నయం. జాక్ లేకపోతే టైప్-సి డాంగిల్ తీసుకోండి, కాకపోతే లోపల డీఏసీ చిప్ ఉన్నదే అడగండి. చిప్ లేని చవక రకం చాలా ఫోన్లలో పలకదు.

నాలుగు డబ్బులు మిగిలాక కంట్రోలర్ కొనొచ్చు. 2019లో వచ్చిన డీడీజే-200కి సొంత సౌండ్ కార్డ్ లేదు, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికినా స్ప్లిటర్ బాధ తప్పదు. 2023 నాటి డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4లో సౌండ్ కార్డ్ లోపలే ఉంటుంది, బాక్సుల పిన్, హెడ్‌ఫోన్ పిన్ వేర్వేరు. నన్నడిగితే ఈఎంఐ పెట్టదగిన వస్తువు ఇదొక్కటే. ఏసీ ఫంక్షన్ హాళ్ల బుకింగ్‌లు రెగ్యులర్‌గా వస్తుంటే అప్పుడు లైవ్ స్టెమ్స్, ల్యాప్‌టాప్ గురించి ఆలోచించండి. జనం అప్పటికప్పుడు అడిగిన పాటని విడగొట్టడానికి అది నిజంగానే పనికొస్తుంది.

స్ట్రీమింగ్‌ని నమ్ముకుని పెళ్లికి వెళ్లొద్దు. 2020 జులై 1న స్పాటిఫై డీజే యాప్‌లకి పాటలివ్వడం ఆపేసింది, ఆ యాప్‌ల మీద కట్టుకున్న ప్లేలిస్టులు పనికిరాకుండా పోయాయి. 2025లో మళ్లీ ఇస్తున్నా అది కంప్యూటర్ల వరకే. పైగా చెరువు కట్ట మీద సిగ్నల్ ఎలా ఉంటుందో మీకే తెలుసు. ఫైళ్లు ఫోన్‌లో ఉంటేనే పాట మీది.

పెళ్లిలో, పెళ్లి ఊరేగింపులో పాటలు వేయడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది, 2023 జులైలో కేంద్రం ఇదే విషయం మళ్లీ గుర్తుచేసింది. అదే మ్యాషప్‌ని యూట్యూబ్‌లో పెడితే మాత్రం క్లెయిమ్ పడుతుంది, ఆ డబ్బుల మీద ఆశ పెట్టుకోకండి. రాత్రి 10 దాటితే ఆరుబయట స్పీకర్లు ఆపాలన్న 2000 నాటి రూల్ ఎలాగూ ఉంది, సెట్ దానికి తగ్గట్టు ప్లాన్ చేసుకోండి.

మెరవణి కదిలే ముందు ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేదంటే పెళ్లికూతురు మేనమామ కాల్ రింగ్‌టోన్ నాలుగు బేస్ బాక్సుల్లో వినిపిస్తుంది. బుకింగ్ నంబర్ ఉన్న సిమ్ ఇంట్లో పడున్న కీప్యాడ్ ఫోన్‌లో వేసి జేబులో పెట్టుకోండి.