ఇంటికి కొత్త రిసీవరు

రిసీవరు అనే మాట వింటే వెనకటి తరం వారికి కోర్టు జ్ఞాపకం వచ్చేది. అన్నదమ్ములు ఆస్తికోసం తగువులాడుకుంటే, ఆ తగువు తేలేదాకా కోర్టువారు ఒక పెద్దమనిషిని రిసీవరుగా వేసేవారు. కొబ్బరితోట మీద రాబడి, మాగాణి శిస్తు, ఇళ్ళ అద్దెలు అన్నీ ఆయనే వసూలుచేసి కోర్టుకు లెక్క ఒప్పజెప్పేవాడు. కోర్టు చెప్పిన ప్రకారం ఎవరి వాటా వారికి అందేది. ఇప్పుడు మా పిల్లలకు రిసీవరు అంటే టీవీ కింద అరలో కూర్చున్న నల్లటి పెట్టె.

ఆలోచించి చూస్తే ఈ పెట్టె చేసేదీ ఆ పెద్దమనిషి పనే. టీవీ నుంచీ, సెట్‌టాప్ బాక్సు నుంచీ వచ్చే శబ్దాన్ని వసూలుచేసి, మాటలను మధ్య స్పీకరుకు, పాటను ఎడమ కుడి స్పీకర్లకు, వెనక కురిసే వానను వెనక స్పీకర్లకు, ఏనుగు అడుగును నేలమీది ఊఫరుకు పంచి ఇస్తుంది. ఐదు స్పీకర్లూ ఒక ఊఫరూ ఉంటే ‘ఐదు పాయింటు ఒకటి’ అంటారు. ఇక రిసీవరన్న పేరు రేడియో నుంచి వచ్చింది. శబ్దం పెంచే ఆంప్లిఫైయరులోనే రేడియో స్టేషన్లను అందుకునే భాగం కూడా కలిపారు గనక ఆ పేరు నిలిచిపోయింది.

మా ఇంటి రిసీవరు పదమూడేళ్ళు పనిచేసి, మొన్న వర్షాకాలంలో ఒక పిడుగుల రాత్రి మూగబోయింది. మెకానిక్కు మూత విప్పి చూసి, “బోర్డు పోయిందండి. ఇదిప్పుడు దొరకదండి” అన్నాడు. స్పీకర్లు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. రిసీవరు పోయిందని స్పీకర్లు కూడా మార్చనక్కరలేదు. కోను చిరగకుండా, దాని అంచు విడిపోకుండా ఉంటే స్పీకరు ఇంకా ఎన్నో ఏళ్ళు పలుకుతుంది. త్వరగా పాతబడేది రిసీవరే, ఎందుకంటే దానికి తగిలించే తీగల పద్ధతులు మారిపోతూ ఉంటాయి.

కొత్తది కొనేదాకా టీవీలో ఉన్న స్పీకర్లతో సరిపెట్టుకున్నాం. తెర పలచబడినకొద్దీ టీవీలో స్పీకరుకు చోటు తగ్గిపోయింది. చాలా టీవీల్లో అది నేలకేసో గోడకేసో పలుకుతుంది. మా అమ్మకు మాట తెలియడం మానేసింది. శబ్దం పెంచితే మాటతోపాటు వాద్యాలూ పెరుగుతాయి. రెండు రోజులు “ఏమన్నాడురా?” అని అడిగింది. మూడోరోజు అడగలేదు. “మీరు చూడండర్రా” అని వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది. అడగడం మానేయడమే నాకు కష్టమనిపించింది.

అంచేత దుకాణానికి వెళ్ళేటప్పుడు నా దగ్గర ఉన్న కొలబద్ద ఒకటే. దుకాణదారు ఒక పెట్టె చూపించి, “ఆయ్, వెయ్యి వాట్లండి మాస్టారూ! పెడితే వీధి చివరికి వినపడాలండి” అన్నాడు.

“వీధి చివరికి వద్దు బాబూ, మా అమ్మ కుర్చీదాకా వినపడితే చాలు” అన్నాను.

వాట్ల లెక్క చిత్రమైనది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి శబ్దం రెట్టింపు అయినట్టు తోచాలంటే సుమారు పదిరెట్లు వాట్లు కావాలి. పైగా కొందరు ఒక్క చానెలునే పలికించి, శబ్దం బొంగురుపోయేదాకా లాగి కొలిచిన అంకె వేస్తారు. ఒక్క క్షణం ఎత్తిన బరువు వేరు, రోజల్లా మోసే కావిడి వేరు. 8 ఓముల దగ్గర, కనీసం రెండు చానెళ్ళు కలిసి పలుకుతుండగా, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా ఎన్ని వాట్లో అడగండి. మీ స్పీకర్ల వెనక 4 ఓములని రాసి ఉంటే, ఆ రిసీవరు అంత బరువు మోస్తుందో లేదో కూడా కనుక్కోండి.

రెండవది, మధ్య స్పీకరు శబ్దాన్ని విడిగా పెంచుకునే వీలు ఉండాలి. మాట నడిచేది ఆ దారినే. 1936లో నిడమర్తి సూరయ్యగారు మా రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టిననాడు సినిమాకు ఉన్నది ఒక్కటే శబ్దం దారి. 1986లో ‘సింహాసనం’ 70 ఎం.ఎం. నాటికి ఆరు దారులయ్యాయి. 2012లో సినిమాహాళ్ళకు వచ్చిన డాల్బీ అట్మాస్ 2014లో ఇళ్ళకూ వచ్చి, నెత్తిమీద నుంచి కూడా శబ్దం వినిపించింది. దారులెన్నైనా కథ నడిపేది మాటే. ఐదు స్పీకర్లున్న మా ఇంటికి తొమ్మిది చానెళ్ళు దేనికి?

మూడవది, టీవీకీ రిసీవరుకీ హెచ్.డి.ఎం.ఐ. తీగతో పొత్తు కుదరాలి. టీవీ శబ్దం అదే తీగ మీద రిసీవరుకు తిరిగి రావడాన్ని ‘ఆర్క్’ అంటారు. ‘ఈ-ఆర్క్’ అయితే శబ్దం కుదించకుండా వస్తుంది. అది రెండింటిలోనూ ఉంటేనే ఫలితం.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు “అక్కడ చవక మావయ్యా, పెట్టెలో పెట్టి తెస్తాను” అన్నాడు. వద్దన్నాను. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడికని చేసిన సరుకును ఇక్కడ నేరుగా తగిలిస్తే పొగే మిగులుతుంది. మధ్యన ట్రాన్స్‌ఫార్మరు పెట్టవచ్చు గాని, చెడితే గ్యారంటీ సాధారణంగా ఇక్కడ చెల్లదు.

చివరకు ఐదు చానెళ్ళ మధ్యరకం పెట్టె తెచ్చాం. దానితో వచ్చిన చిన్న మైకును అమ్మ కుర్చీలో, తల ఉండే ఎత్తున పెట్టి, ఏ స్పీకరు ఎంత దూరమో దాన్నే కొలుచుకోమన్నాం. తరువాత మధ్య స్పీకరును మూడు డెసిబెల్సు పెంచాను. మా ఆవిడ పెట్టె మీద కప్పిన కుట్టుపని గుడ్డ తీయించి, వేడి పోవడానికి పైన జానెడు చోటు వదిలాను. ఉరిమితే ప్లగ్గు పీకాలని పిల్లలకు చెప్పాను.

అమ్మ అరుగు మీది నుంచి హాల్లోకి వచ్చింది. ఇప్పుడు ప్రతి మాటా స్పష్టంగా వినపడుతోంది. “ఏమన్నాడురా?” పోయి, “ఈ మాటలు రాసినవాడెవడురా?” అని అడుగుతోంది. తెలుగు మేష్టర్ని గనక నావైపే చూస్తుంది. దానికి సమాధానం చెప్పగల రిసీవరు ఏ దుకాణంలోనూ దొరకదు.